నింజా 1000ఎస్‌ఎక్స్‌తో మొదటి వెయ్యి కిలోమీటర్లు

బండి ఇంటికి వచ్చిన రోజు నేను నడిపినది మొత్తం పదకొండు కిలోమీటర్లు. అందులో నాకు చెమటలు పట్టించినవి చివరి ముప్పై అడుగులే. మా అపార్టుమెంటు సెల్లారులోకి దిగే ర్యాంపు బాగా ఏటవాలుగా ఉంటుంది, దిగగానే కుడివైపుకు తిరగాలి, తిరిగే చోటనే ఒక పిల్లరు ఉంటుంది. 238 కిలోల బండిని, 835 మిల్లీమీటర్ల ఎత్తున్న సీటు మీద కూర్చుని, ఐదడుగుల ఏడంగుళాల మనిషి మునివేళ్ళతో నేలను తడుముకుంటూ ఆ మలుపు తిప్పడం చూడముచ్చటైన దృశ్యమేమీ కాదు. వాచ్‌మన్ దగ్గరకు వచ్చి "సార్, ఎనక పట్టుకోవాల్నా?" అని అడిగాడు. వద్దని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నేను కొన్నది 2021 నాటి కవాసాకి నింజా 1000ఎస్‌ఎక్స్, పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగిన సెకండ్‌హ్యాండ్ బండి. 2020లో మన దేశంలో విడుదలైనప్పుడు దీని ఎక్స్-షోరూం ధర 10.79 లక్షలు. దీని స్థానంలో ఇప్పుడు 1099 సీసీ ఇంజన్‌తో నింజా 1100ఎస్‌ఎక్స్ వచ్చింది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన మోటారు సైకిళ్ళ మీద జీఎస్‌టీ 40 శాతమయింది. ఈ రెండు కారణాల వల్ల కొత్తదాని ఊసెత్తకుండా, ఒకే యజమాని చేతిలో ఉన్న పాతదానిని వెతికి తెచ్చుకున్నాను. కాగితం మీద చూసినా పాతది తీసిపోదు: 1043 సీసీ, నాలుగు సిలిండర్లు, పదివేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర 142 పీఎస్ శక్తి, ఎనిమిది వేల దగ్గర 111 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. కొత్తదానిలో శక్తి కొంత తగ్గి 136 పీఎస్ అయింది, టార్క్ రవ్వంత పెరిగి 113 అయింది.

ఇటువంటి బళ్ళను స్పోర్ట్ టూరింగ్ బళ్ళంటారు, ఆ మాటకు ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం చెబుతారు. నా దృష్టిలో ఇది రేసు బండి ఇంజన్‌నూ చట్రాన్నీ తీసుకుని, హ్యాండిల్‌ను కాస్త పైకి లేపి, ముందు గాలి అద్దం పెట్టి, వెనుక పెట్టెలు తగిలించి, దానితో సంసారం చేయించడం. ఈ నింజా కూడా అలాగే పుట్టింది. 2010లో వచ్చిన జెడ్1000 అనే గాలి అద్దం లేని బండికి తొడుగులు తొడిగి దీనిని తయారు చేశారు. అందువల్ల దీనిలో టూరింగ్ గుణాలు నేర్చుకున్నవి, స్పోర్ట్ గుణాలు పుట్టుకతో వచ్చినవి. ఎత్తయిన అడ్వెంచర్ బళ్ళ మీద కూర్చుని వచ్చినవారికి ఇది పొట్టిగానూ, ముందుకు వంగినట్టుగానూ అనిపిస్తుంది. అచ్చమైన సూపర్‌స్పోర్ట్ (రేసు తరహా) బండి నుంచి దిగి వచ్చినవారికి మాత్రం సోఫాలో కూర్చున్నట్టు ఉంటుంది.

నగరంలో దీనితో నా మొదటి వారం సంతోషంగా గడవలేదు. తప్పు బండిది కాదు, నేను దానిని తీసుకువెళ్ళిన చోటిది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర రెండు విడతలు ఆగితే చాలు, రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలై వేడిగాలి మోకాళ్ళ కిందుగా పిక్కలకు తగులుతుంది. లీటరు (వెయ్యి సీసీ) ఇంజన్ బళ్ళలో చాలావాటికి ఉన్న గుణమే ఇది. మందపాటి రైడింగ్ ప్యాంటు వేసుకుంటే సగం తగ్గుతుంది, మే నెలలో ఆ ప్యాంటు వేసుకోవడం మరొక శిక్ష. క్లచ్ పట్టకుండా గేరు మార్చుకునే క్విక్‌షిఫ్టర్ 2,500 ఆర్‌పీఎం పైన మాత్రమే పని చేస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో దానిని మరిచిపోయి, పాత పద్ధతిలో క్లచ్ మీదనే బతకాలి. క్లచ్ తేలికగా ఉండడం ఆ బతుకులో ఒక ఊరట. కదులుతున్నంత సేపూ ఈ బరువు ఎక్కడికో మాయమవుతుంది. గంటకు ఐదు కిలోమీటర్ల వేగానికి దిగగానే ఎక్కడికి పోయిందో అక్కడి నుంచి మొత్తంగా తిరిగి వస్తుంది.

ఇక్కడ టైర్ల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మొదటి మూడు రోజులూ నేను బండి స్వభావాన్ని తప్పుగా అర్థం చేసుకున్నది వాటి వల్లనే. మలుపులో వంచబోతే ముందు చక్రం మొండికేస్తున్నట్టు, హ్యాండిల్‌ను బలవంతంగా తోయవలసి వస్తున్నట్టు అనిపించింది. ఇంత పేరున్న బండి ఇంతేనా అని దిగులు పడ్డాను. నాలుగో రోజు సొంత గేజితో గాలి చూస్తే ముందు 27, వెనుక 30 ఉంది. ఉండవలసినవి ముందు 36, వెనుక 42 పీఎస్‌ఐ. దారిలో ఒక బంకులో గాలి పట్టిన కుర్రాడిని నేను లెక్క చెప్పకుండా వదిలేశాను, అతడు అలవాటు చొప్పున అన్ని బళ్ళకూ పట్టినట్టే దీనికీ పట్టాడు. సరైన గాలి నింపి బయటికి వచ్చిన మొదటి మలుపులోనే వేరే బండి ఎక్కినట్టయింది. ఆ రోజే టైరు పక్కగోడ మీద అండాకారపు గడిలో ఉండే నాలుగంకెలు కూడా చదివాను: 1821, అంటే 2021వ సంవత్సరం పద్దెనిమిదో వారంలో తయారైనవి. అమ్మినవాడు "టైర్లు కొత్తవే సార్, గీతలు చూడండి" అన్నాడు. గీతలు నిజంగానే లోతుగా ఉన్నాయి, రబ్బరు మాత్రం గోటికి గట్టిగా తగులుతోంది. సెకండ్‌హ్యాండ్ బండి కొనేవారు గీతల కన్నా ముందు ఆ నాలుగంకెలు చూడాలి. వానాకాలం లోపల రెండు టైర్లూ మార్చవలసిందే, ఆ ఖర్చును బేరంలో తగ్గించుకోకపోవడం నా తెలివితక్కువతనం.

మొదటి దూరప్రయాణం విజయవాడకు, వెనుక సీటు మీద నా భార్యతో, రెండు పక్కలా చెరి 28 లీటర్ల పెట్టెలతో. ఔటర్ రింగు రోడ్డు పైకి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కాబట్టి తెల్లవారుజామునే ఎల్‌బీనగర్ మీదుగా బయటపడ్డాం. చౌటుప్పల్ దాటిన తరువాత గాని ఈ యంత్రం దేనికోసం తయారైందో నాకు తెలియలేదు. 2018లో కేంద్రం నిర్ణయించిన లెక్క ప్రకారం నాలుగు వరుసల రహదారి మీద మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఆ వేగంలో ఆరో గేరులో ఇంజన్ తిరిగేది మూడు వేల పైచిలుకు ఆర్‌పీఎం మాత్రమే, అంటే తన పూర్తి శక్తిని చూపే వేగంలో మూడో వంతు కూడా కాదు. 142 పీఎస్ కొనుక్కుని 80లో వెళ్ళడమెందుకని మిత్రులు నవ్వారు. వారికి నేను చెప్పదలచుకున్న జవాబు లారీల దగ్గర దొరికింది. ముందు రెండు లారీలు పక్కపక్కన పోతూ దారి మూసేసినప్పుడు వేగం యాభైకి పడిపోతుంది; దారి తెరుచుకోగానే ఆరో గేరులోనే, క్లచ్ పట్టకుండా, ఒక్క గేరు కూడా దించకుండా యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పితే చాలు, ఇద్దరు మనుషులూ రెండు పెట్టెలూ ఉన్న బండి గొణగకుండా, వణకకుండా మళ్ళీ 80 అందుకుంటుంది. అటువంటి సందర్భాలు విజయవాడ చేరేలోగా యాభైకి తక్కువ రావు. చిన్న ఇంజన్ బండి మీద ఆ యాభై సార్లూ గేర్లతో కుస్తీ పట్టాలి, ఆ కుస్తీ లేకపోవడమే నాలుగో గంటలో నడుము దగ్గర తెలుస్తుంది.

యాక్సిలరేటర్ పట్టుకోకుండానే వేగాన్ని నిలిపి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ గురించి మొదట నాకు చిన్నచూపు ఉండేది. మన రోడ్ల మీద అది అలంకారమనే అనుకున్నాను. సూర్యాపేట దాటాక కుడి మణికట్టు నొప్పి పుట్టినప్పుడు 80 దగ్గర పెట్టి చేయి విదిలించుకున్నాను, అప్పటి నుంచి దానిని ఎగతాళి చేయడం మానేశాను. అయితే డివైడర్ సందులోంచి మేకలూ, ఎదురు దారిలో ఆటోలూ ఎప్పుడైనా రావచ్చు కనుక బ్రేకు మీద నుంచి వేళ్ళు తీయకూడదు. గాలి అద్దం నాలుగు ఎత్తులలో నిలుస్తుంది. అన్నిటికన్నా పైకి లేపినప్పుడు ఛాతీకి తగిలే గాలి దాదాపు ఆగిపోయి, హెల్మెట్ పై భాగానికి మాత్రం కొద్దిగా చప్పుడు తగులుతుంది. దానిని బండి ఆపి చేత్తోనే సర్దుకోవాలి.

టోల్‌గేట్ల దగ్గర మనకు సుంకం లేదు గాని దారి మాత్రం ఎడమ అంచున ఇరుకు సందు. పంతంగి దగ్గర పెట్టెల వెడల్పు గుర్తు లేకుండా ఆ సందులోకి దూరబోయి, వెనుక నుంచి భుజం మీద ఒక దెబ్బ తిన్నాను. "పెట్టె గీసుకుంటుంది, ఆగండి" అని ఆమె చెప్పినప్పుడు ఎడమ పెట్టెకూ దిమ్మెకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంది. వెనుక సీటు గురించి ఆమె తీర్పు ఇది: మెత్తగా ఉంది, పట్టుకోవడానికి పక్క కడ్డీలున్నాయి, మోకాళ్ళు మాత్రం ఎక్కువగా మడవాలి, గంటన్నరకు ఒకసారి దిగవలసిందే. విజయవాడ చేరాక అత్తగారు బండినీ హెల్మెట్లనీ మార్చి మార్చి చూసి, నన్ను అడగకుండా కూతురిని పక్కకు పిలిచి "ఏమ్మా, కారు అమ్మేశారా?" అన్నారు.

రెండో ప్రయాణం శ్రీశైలానికి, ఒంటరిగా. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది కాబట్టి, తెరిచే వేళ దాటాక అక్కడికి చేరేలా బయలుదేరి డిండి దగ్గర టీకి ఆగాను. టీ కొట్టు ముందు కంకర మీద సైడ్ స్టాండ్ వేయబోతే కాలు జారి, బండి ఒక పక్కకు ఒరిగి, తొడ అడ్డం పెట్టి ఎలాగో నిలబెట్టాను. కొట్టతను గ్లాసు చేతికిస్తూ "అన్నా, లీటరుకు ఎంతిస్తది?" అన్నాడు. పద్దెనిమిది అన్నాను. "గంతేనా?" అని, బండి వైపు జాలిగా చూశాడు. ఇంటికి వచ్చి లెక్క కడితే రెండు ప్రయాణాల సగటు పంతొమ్మిదికి కొంచెం పైన తేలింది. 19 లీటర్ల ట్యాంకుతో మూడు వందల కిలోమీటర్ల దాకా నిశ్చింతగా పోవచ్చు.

నల్లమల అడవిలో వేగం పని లేదు, కోతులు దారికి అడ్డంగా కూర్చునే ఉంటాయి. దోమలపెంట దాటి ఈగలపెంట నుంచి పాతాళగంగ వైపు దిగే ఘాట్‌లోనే ఈ బండి అసలు ముఖం కనిపించింది. దిగుడు మలుపులో వేగం తగ్గించేందుకు క్విక్‌షిఫ్టర్‌తో ఒక్కొక్క గేరు దించుతుంటే, స్లిప్పర్ క్లచ్ వల్ల వెనుక చక్రం ఎగరకుండా, ప్రతిసారీ ఇంజన్ తనంతట తానే ఒక చిన్న గర్జన చేసి సరిపెట్టుకుంటుంది. ముందు బ్రేకు ఒక్క వేలితో సరిపోతుంది. ఒక మలుపులో చినుకులు మొదలైతే రెయిన్ మోడ్‌కు మార్చాను. అందులో శక్తి తగ్గి, చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ గట్టిపడుతుంది. గట్టిపడిన నా టైర్ల మీద ఆ ఏర్పాటు నాకు దేవుడిచ్చిన వరంలా తోచింది. ఆనకట్ట కనిపించే చోటికి వచ్చేసరికి చినుకులు ఆగాయి, నన్ను నేనే ఆపుకోలేక మరొకసారి పైకి వెళ్ళి మళ్ళీ దిగాను.

నేలకూ బండి పొట్టకూ మధ్య ఎడం 135 మిల్లీమీటర్లే. ఇది చదివి భయపడినంతగా స్పీడ్ బ్రేకర్లు బాధించలేదు, దానికి కారణం సీటు కింద పక్కగా ఉన్న నల్లటి నాబ్. పానాలేవీ అక్కర్లేకుండా దానిని చేత్తో తిప్పి వెనుక స్ప్రింగును బిగించవచ్చు. ఇద్దరం ఎక్కిన రోజు బాగా బిగించాను, ఒక్కడినే వెళ్ళిన రోజు వదులు చేశాను. ఊళ్ళలో సొంతంగా పోసుకున్న కట్టల వంటి బ్రేకర్లను మాత్రం ఏటవాలుగా, నడక వేగంతో దాటాను. ఒక్కసారీ అడుగు తగలలేదు.

ఎవరికి పనికొస్తుందని అడిగితే, నెలకు రెండుసార్లయినా ఊరు దాటేవారికి అంటాను. ఆఫీసుకు పోయిరావడానికి ఇది వద్దు. మన చట్టానికి వంద సీసీ బండికీ దీనికీ ఒకటే లైసెన్సు సరిపోతుంది, ఆ విషయంలో చట్టాన్ని నమ్ముకోకండి. నూట యాభై సీసీ నుంచి నేరుగా దీని మీదకు దూకకుండా మధ్యలో ఒకటి రెండేళ్ళు మరేదైనా నడపడం మంచిది.

శ్రీశైలం నుంచి వచ్చిన మరునాడు చైన్‌కు లూబ్ వేయవలసి వచ్చింది, ఆరు వందల కిలోమీటర్లకు ఒకసారి తప్పదు. ఈ బండికి సెంటర్ స్టాండ్ లేదు, వెనుక చక్రాన్ని పైకి లేపి నిలిపే ప్యాడాక్ స్టాండ్ నేనింకా కొనలేదు. వాచ్‌మన్ బండిని జానెడు ముందుకు తోయడం, నేను వంగి ఆ జానెడు మేర చైన్‌కు లూబ్ కొట్టడం, మళ్ళీ అతడు తోయడం. సెల్లారులో ఈ చివర మొదలైన పని పూర్తయ్యేసరికి ఆ పిల్లరు దాకా వెళ్ళాం.