భుజానికి తగిలించే కెమెరా బ్యాగ్: ఏళ్లు వాడాక ఏది నిలిచింది, ఏది ఊడింది

కెమెరా బ్యాగుల మీద సమీక్షలు చాలావరకు కొన్న వారంలో రాసినవే ఉంటాయి. వారంలో ఏ బ్యాగైనా బాగుంటుంది. కుట్లు బిగుతుగా ఉంటాయి, జిప్ హాయిగా జారుతుంది, ఫోమ్ నొక్కి వదిలితే మళ్లీ పైకి లేస్తుంది. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. ఇప్పుడు వాడుతున్న నైలాన్ బ్యాగ్‌ని ఏళ్ల తరబడి విమానాల్లో, బస్సుల్లో, వానలో, ఇసుకలో తిప్పాను. దీనికి ముందు ఒక కాన్వాస్ బ్యాగ్, దానికీ ముందు చవకగా వచ్చిన ఊరూపేరూ లేని బ్యాగ్ ఉండేవి. వీటిలో గుడ్డ చిరిగి మూలపడ్డది ఒక్కటీ లేదు. పాడైనవన్నీ పట్టీ కొక్కేలు, జిప్ రన్నర్లు, లోపలి కోటింగ్, ఇలాంటివే. అయినా అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ మాట్లాడుకునేది మాత్రం గుడ్డ గురించే. నా బ్యాగ్ ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే మోడళ్లు మారిపోతూనే ఉంటాయి. ఏ బ్యాగ్ చేతికొచ్చినా ఎక్కడెక్కడ పట్టి చూడాలో చెబుతాను, అది ఎక్కువ పనికొస్తుంది.

గుడ్డ సంగతి ముందే తేల్చేద్దాం. 500, 1000, 1680 అని రాసే అంకెలు డీనియర్లు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డీనియర్లు. అంటే అది దారం ఎంత లావో చెప్పే అంకె, బ్యాగ్‌కి వేసిన మార్కులు కాదు. 1000 డీనియర్ కార్డ్యూరా (గట్టి గుడ్డలకి ఒక బ్రాండు పేరు) నైలాన్ గట్టిదే, గోడకి రాసుకున్నా లెక్కచేయదు, కానీ బరువు, బిరుసు, పైగా నడుస్తుంటే తుంటి దగ్గర చొక్కాని రుద్ది రుద్ది ఉండలు కట్టిస్తుంది. నాది 500 డీనియర్, అడుగున మాత్రం రెండు పొరలు. ఇన్నేళ్లకి మూలల్లో రంగు వెలిసింది, కాస్త నూగు లేచింది, చిల్లు పడలేదు. చవక బ్యాగ్ మీద 1680 అని పెద్ద అక్షరాలతో ఉండేది, తీరా అది పాలిస్టర్. రాపిడికి అదే లావున్న నైలాన్ దానికంటే బాగా ఓర్చుకుంటుంది, ఎండకి తట్టుకోవడంలో మాత్రం పాలిస్టరే నయం. కాబట్టి అంకెతోపాటు అది ఏ గుడ్డో కూడా చదవండి.

కాన్వాస్ బ్యాగ్ అంటే నాకిప్పటికీ ఇష్టమే. మెత్తగా ఒంటికి అంటుకుని ఉంటుంది, చప్పుడు చేయదు, చూసినవాళ్లకి లోపల కెమెరా ఉందని అనిపించదు. ఒట్టి నూలు కాన్వాస్ వానలో నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఆరడానికి ఒక్కోసారి రాత్రంతా చాలదు. మైనం పట్టించినదైతే అప్పుడప్పుడూ మళ్లీ మైనం రాయాలి. 1973లో చేపలు పట్టేవాళ్ల సంచులతో మొదలై తర్వాత కెమెరా బ్యాగులకి పేరు తెచ్చుకున్న బిల్లింగ్‌హామ్ కంపెనీ బ్యాగుల్లో రెండు పొరల గుడ్డ మధ్య బ్యుటైల్ రబ్బరు పెడతారు. నీళ్లు ఆపడానికి అది మంచి పద్ధతే, బరువూ ధరా భరించగలిగితే.

ఇప్పుడు అసలు విషయం, పట్టీ. బ్యాగ్ మొత్తం బరువు వేలాడేది రెండు చోట్లే, పట్టీ బ్యాగ్‌కి కలిసే ఆ రెండు చివర్ల దగ్గర. చాలా బ్యాగుల్లో అక్కడ ఒక ఇనుప రింగు, దానికి తగిలే గిర్రున తిరిగే కొక్కెం ఉంటాయి. ఆ కొక్కెం చాలావరకు జింక్ మిశ్రమాన్ని కరిగించి అచ్చులో పోసింది, పైన మెరుగు పూత. అడుగు వేసిన ప్రతిసారీ రింగుకీ దానికీ రాపిడి. మొదట కిర్రుమంటుంది, తర్వాత పూత పోతుంది, ఆ తర్వాత లోహంలోనే గాడి పడుతుంది. చవక బ్యాగ్‌ది అలాగే అరిగి అరిగి, స్టేషన్ మెట్లు దిగుతుంటే తెగింది. రెండో చెయ్యి బ్యాగ్ కింద ఉండబట్టి లెన్స్ బతికింది. అప్పటినుంచి ఏ బ్యాగ్ పట్టుకున్నా ముందు లోపలికి చూడను, కొక్కెం చూస్తాను.

1970ల మధ్యలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన జిమ్ డోమ్కీ రూపొందించిన ఎఫ్-2 బ్యాగ్ చూస్తే దీనికి ఎంత తేలికైన పరిష్కారం ఉందో తెలుస్తుంది. అందులో పట్టీ రెండు చివర్లా ఆగిపోదు, బ్యాగ్ అడుగు నుంచి చుట్టి వస్తుంది. బరువు పట్టీయే మోస్తుంది, కుట్టు దాన్ని పక్కకి జరక్కుండా పట్టుకుంటుంది, అంతే. తెగడానికి అక్కడ కొక్కెమే లేదు. పట్టీ నేతలో రబ్బరు పోగులు కూడా కలిపారు, భుజం మీంచి జారదు. దాంట్లో ఫోమ్ దాదాపు ఉండదు కాబట్టి విమాన ప్రయాణాలకి నేనైతే భయపడతాను, కానీ ఆ పట్టీ ఆలోచనకి మాత్రం ఇప్పటికీ తిరుగులేదు.

నా బ్యాగ్ పట్టీ ఊడదీసేదే. అయినా ఎందుకు తీసుకున్నానంటే, రింగు కట్టిన పట్టీ ముక్కని పక్క కుట్టులో ఇంత దూర్చి వదిలేయకుండా బ్యాగ్ పక్కగా సగం దాకా దించి, పెట్టెలా నాలుగు వైపులా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేశారు, పైన దగ్గరదగ్గరగా అడ్డకుట్లు కూడా ఉన్నాయి. పట్టీ వెడల్పు 38 మిల్లీమీటర్లు, విడి కొక్కేలు తేలిగ్గా దొరికే కొలత. ఒకసారి రెండు కొక్కేలూ మార్చేశాను, కుట్టుపని లేకుండానే. కొన్ని కంపెనీలు తమ సొంత ఆకారంలో క్లిప్పులు పెడతాయి, చూడ్డానికి భలే ఉంటాయి. అది విరిగిన రోజున ఆ కంపెనీ దగ్గర విడిభాగం లేకపోతే మొత్తం బ్యాగ్ మూలకే. కొనేముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి: ఈ క్లిప్ విడిగా అమ్ముతారా?

జిప్పుల విషయం. 5, 8, 10 అని నంబర్లుంటాయి, మూసుకున్నాక పళ్ల వెడల్పు సుమారుగా ఎన్ని మిల్లీమీటర్లో అదే నంబరు. పెద్ద అరకి 8 లేదా 10 ఉంటే మంచిది, చిన్న జేబులకి 5 చాలు. రన్నర్ మీద జిప్పులు చేసే కంపెనీ వైకేకే పేరు కనబడితే నాకు సగం టెన్షన్ తగ్గుతుంది, మిగతా సగం ఆ జిప్‌ని ఎంత మలుపు తిప్పి కుట్టారన్న దాని మీద ఉంటుంది. బిగుతైన మూల మలుపులో ఎంత మంచి జిప్పైనా త్వరగా అలసిపోతుంది. జిప్ మూసినా వెనక పళ్లు విడిపోతుంటే చాలామంది జిప్ మొత్తం పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు అరిగేది రన్నరే. సముద్రపు ఇసుక తిన్నాక నాదీ అలాగే అయింది. ప్లయర్‌తో రన్నర్ రెండు పక్కలా మెల్లగా నొక్కితే కొన్నాళ్లు నడిచింది, తర్వాత కొత్త రన్నర్ వేయించాను, జిప్ అదే. నీళ్లు దిగవని చెప్పే, పైన రబ్బరులాంటి పొర ఉన్న జిప్పులు నాకు నచ్చవు. గట్టిగా లాగాలి, వంపుల్లో ఆ పొర లేచిపోతుంది. పైన మూత కప్పే బ్యాగ్‌కి అది అనవసరం కూడా.

ఎవరూ చెప్పని ఇంకో శత్రువు లోపలే ఉంటుంది. నైలాన్ గుడ్డకి లోపలివైపు నీళ్లు ఆగడానికి పాలీయురెథేన్ పూత వేస్తారు. గాలిలోని తేమకి, వేడికి ఆ పూత ఏళ్ల మీద రసాయనికంగా విడిపోతుంది. మొదట జిగట, తర్వాత వాసన, ఆ తర్వాత పొట్టు రాలడం. చిత్రం ఏమిటంటే రోజూ వాడి గాలి తగిలే బ్యాగ్ కంటే భద్రంగా అలమరలో మూసిపెట్టిన బ్యాగ్‌కే ఇది త్వరగా వస్తుంది. చవక బ్యాగ్ కొక్కెం మార్చి ఉంచుదామనుకున్నాను గానీ, మళ్లీ తెరిచేసరికి లోపల చేతికి అంటుకుంటోంది. ఆ పొట్టు సెన్సర్ మీద పడితే బ్యాగ్ ధరకి మించిన తలనొప్పి. అందుకే ఇంటికి రాగానే సామాను బయటికి తీసేసి బ్యాగ్ తెరిచి పెడతాను. లెన్సులకీ ఇదే మంచిది, తడిసిన బ్యాగ్‌లో మూసి ఉంచితే ఫంగస్ పట్టేది వాటికే. లోపలి లైనింగ్ లేత రంగుదైతే తీసుకోండి, నల్ల లోపల నల్ల లెన్స్ మూత వెతకడం ఎంత విసుగో వాడినవాళ్లకి తెలుసు.

ఫోమ్, అడ్డుగోడలు బ్యాగ్‌కే కుట్టేసినవి వద్దు. మొత్తంగా పెట్టెలా బయటికి వచ్చే ఇన్సర్ట్ ఉన్నది కావాలి. నాది అలాంటిదే, ఈ బ్యాగ్‌లో నాకు అన్నిటికంటే ఉపయోగపడింది అదే. ఇన్సర్ట్ తీసి గదిలో పెట్టేస్తే అదే బ్యాగ్‌లో బట్టలు, పుస్తకం పడతాయి. ఫోమ్ కుంగిపోతే ఇన్సర్ట్ ఒక్కటే మార్చుకోవచ్చు. వెల్క్రోకి దుమ్ము, వెంట్రుకలు పట్టి పట్టు తగ్గుతుంది, గట్టి బ్రష్‌తో దువ్వితే చాలావరకు తిరిగొస్తుంది. మూతకి వెల్క్రో ఉంటే మాత్రం ఆలోచించుకోండి. అందరూ నిశ్శబ్దంగా కూర్చున్న చోట దాన్ని తెరిస్తే తలలన్నీ మీ వైపే తిరుగుతాయి.

విమానం ఎక్కేటప్పుడు భుజం బ్యాగ్‌కి ఉన్న అసలు లాభం, అది ముందు సీటు కింద పడుతుంది. క్యాబిన్ సామానుకి విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ సూచించే గరిష్ఠ కొలత 56×45×25 సెంటీమీటర్లు, కానీ ఏ ఎయిర్‌లైన్ లెక్క దానిదే. సీటు కింద పెట్టేదానికి చాలాచోట్ల 40×30×20 దరిదాపుల్లో అడుగుతారు, కొందరు ఇంకా తక్కువ. పైన అరలు నిండిపోయాయని గేటు దగ్గర చక్రాల పెట్టెల్ని లాక్కుని కింద లోడ్ చేసేటప్పుడు ఈ బ్యాగ్ జోలికి రారు. ఒకవేళ తీసుకున్నా విడి లిథియం బ్యాటరీలు మాత్రం తప్పకుండా మీ దగ్గరే ఉంచుకోవాలి, అవి చెక్-ఇన్ సామానులో వెళ్లకూడదు. 100 వాట్-అవర్ల వరకు మామూలుగా ఇబ్బంది లేదు. కెమెరా బ్యాటరీలు దానికి ఎంతో దిగువన ఉంటాయి, 7.2 వోల్టులు, 2280 మిల్లీయాంప్-అవర్లు అంటే సుమారు 16 వాట్-అవర్లే. వాటన్నిటినీ ఒక చిన్న పర్సులో, లోహపు కొసలు ఒకదానికొకటి తగలకుండా, పై జేబులో పెడతాను. గేటు దగ్గర ఒక్క గుంజుడుతో బయటికి రావాలి. ఫిల్మ్ వాడేవాళ్లు రోల్స్ కూడా అలాగే విడిగా పెట్టుకుని సెక్యూరిటీ దగ్గర చేత్తో చూడమని అడగాలి, కొత్త సీటీ స్కానర్లు ఫిల్మ్‌ని పాడుచేస్తాయి.

బరువు దగ్గరే భుజం బ్యాగ్ ఓడిపోతుంది, దాచేదేం లేదు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ, లెన్స్ లేకుండా, 700 గ్రాములు, 24-70 ఎఫ్2.8 లెన్స్ ఇంకో 800, 70-200 కిలో పైనే, బ్యాగ్ ఒకటిన్నర కిలో, ఛార్జరు, టాబ్లెట్, నీళ్ల సీసా. తిరిగి చూసుకునేసరికి ఐదు కిలోలు దాటుతుంది, అదంతా ఒకే భుజం మీద. చాలా ఎయిర్‌లైన్స్ క్యాబిన్‌కి ఇచ్చేది 7 కిలోలు. నాకు నాలుగు కిలోల దాకా రోజంతా తిరగొచ్చు, అది దాటితే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. భుజం మీద సాగే నియోప్రీన్ ప్యాడ్ షాపులో మెత్తగా అనిపిస్తుంది, నడిస్తే ఊయలలా ఊగుతుంది. వెడల్పుగా, గట్టిగా ఉన్న పట్టీయే మేలు. పొడవాటి లెన్స్ కెమెరాకి తగిలించే మోసేవాళ్లు, రోజుకి గంటల కొద్దీ నడిచేవాళ్లు బ్యాక్‌ప్యాక్ చూసుకోవడమే మంచిది. ఒక బాడీ, రెండు లెన్సులు, తరచూ తీసి పెట్టడం, ఇరుకు సందుల్లో తిరగడం, ఇలా పనిచేసేవాళ్లకి భుజం బ్యాగ్‌ని మించింది లేదు, కెమెరా తీయడానికి కింద పెట్టక్కర్లేదు కాబట్టి.

నా బ్యాగ్ మీద ఫిర్యాదులు లేవని కాదు. చక్రాల పెట్టె పిడికి తగిలించడానికి వెనక కుట్టిన పట్టా ఒకవైపు కుట్టు విడిచింది, సన్న దారంతో ఒక్క వరస కుట్టి సరిపెట్టారు, మళ్లీ కుట్టించాల్సి వచ్చింది. ముందు జేబుకి మడతలు లేవు, బ్యాగ్ నిండితే అందులో ఫోన్ కూడా దూరదు. వానకి ఇచ్చే కవర్ మంచిదే గానీ అది తొడిగితే మూత తెరవలేం. ఇవన్నీ తెలిసీ మళ్లీ ఇదే కొంటాను, ఒక సైజు చిన్నది. ఖాళీ ఉంటే ఇంకో లెన్స్ పెట్టేస్తాను, అది నా గుణం, చిన్న బ్యాగ్ అయితే ఆ చర్చే ఉండదు. కొనే ముందు మీరు నిజంగా తీసుకెళ్లే సామాను, హుడ్ (లెన్స్ ముందు ఎండ పడకుండా పెట్టే గొట్టం) తిప్పి తగిలించిన లెన్సులతో సహా, నేల మీద పక్కపక్కన పేర్చి టేపుతో కొలవండి. లోపలి లోతు ఎంతో చెప్పకుండా బయటి కొలతలే రాసే కంపెనీలు చాలా ఉన్నాయి, ఫోమ్ ఒక్కో వైపు ఒక సెంటీమీటరైనా తినేస్తుంది.