దేవదాసు: అక్కినేనా, కృష్ణా?

బెంగాలీ రచయిత శరత్ రాసిన దేవదాసు నవల 1917లో వచ్చింది. తెలుగువాళ్లకు మాత్రం దేవదాసు అంటే 1953 నాటి అక్కినేనే. అప్పటికి ఆయనకు జానపద హీరోగా పేరు. ఈ తాగుబోతు జమీందారు కొడుకు పాత్రకు ఆయనేం సరిపోతాడని పెదవి విరిచినవాళ్లున్నారు. మత్తుకళ్లు రావాలని రాత్రిళ్లు షూటింగ్ పెట్టారని చెబుతారు. వాలిపోయే రెప్పలు, తడబడే మాట, వెనక ఘంటసాల గొంతు... వీటన్నిటిలో తాగుడు కంటే పిరికితనమే ఎక్కువ కనిపిస్తుంది. నవలలో దేవదాసూ అంతే కదా!

1974లో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ అదే పాత్ర వేశారు. సాహసమే, కాదనలేం. కానీ అదే ఏడాది ఆయన అల్లూరి సీతారామరాజుగా తెల్లవాళ్ల ముందు రొమ్ము విరిచి నిలబడ్డారు. ఆ మనిషే కొన్ని నెలలకు తండ్రికి ఎదురుచెప్పలేక నీళ్లు నమిలితే జనం నమ్మొద్దూ? కృష్ణ బాగానే చేశారని, పోలిక వల్లే దెబ్బతిన్నారని అభిమానులంటారు. కొంత నిజమే. పాత సినిమా పాటలు అందరి నోళ్లలో నానుతుంటే ఎవరికైనా టెన్షనే.

దేవదాసు ప్రేమించిన పార్వతి విషయంలో వాదనే లేదు, పాత సినిమాలోని సావిత్రే. దేవదాసుగా నా ఓటు అక్కినేనికే. కృష్ణను చూడాలనిపిస్తే అల్లూరి పెట్టుకుంటాను.