ఉచిత లాయర్: మా అనుభవం, నాలుగు స్టార్లు

ప్రభుత్వం ఇచ్చే లాయర్ అంటే నాకూ చిన్నచూపే ఉండేది. నర్సంపేట దిక్కు మా ఊళ్లో పక్క చేను బావి కాడ మోటారు పోతే అనుమానం మీద మా తమ్ముడి పేరు రాయించారు, మూడేళ్ల దాకా జైలు పడే దొంగతనం సెక్షన్. పైసలిచ్చి పెట్టుకున్న మొదటి వకీలు సాబ్ ఫైలు సరిగ్గా తిప్పకుండానే "ఒప్పుకో, ఫైన్‌తో పోతది, కొట్లాడితే జడ్జికి కోపమొచ్చి మూడేళ్లూ వేస్తడు" అన్నాడు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

తర్వాత ఉచిత న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేశాం. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేదు, మాకు మాత్రం మీసేవలో ఆదాయం సర్టిఫికెట్ తీసుకోవాల్సి వచ్చింది.

వచ్చిన లాయర్ మేడం మాతో కాదు, తమ్ముడితో మాట్లాడారు. "మోటారు నువ్వు తీసినవా?" "లేదు మేడం." "మరి ఎందుకు ఒప్పుకుంటున్నవ్?" వాడి దగ్గర జవాబు లేదు.

ప్లీ బార్గెయినింగ్ గురించి, అంటే నేరం ఒప్పుకుని తక్కువ శిక్షకు కుదుర్చుకోవడం గురించి కూడా ఆమే చెప్పారు. కొత్త చట్టంలో అభియోగాలు ఖరారైన 30 రోజుల్లోపు అడగాలి, మొదటి కేసైతే ఇలాంటి సెక్షన్‌లో శిక్షను ఆరో వంతుకు తగ్గించవచ్చు. మూడేళ్లలో ఆరో వంతంటే ఆరు నెలలు! ఫైన్‌తోనే పోతుందని గ్యారంటీ ఎవరిచ్చారు? పైగా ఆ తీర్పు మీద మామూలు అప్పీలు ఉండదు, దొంగ అన్న పేరు ఉంటుంది. ట్రయల్ అడిగినందుకు శిక్ష పెంచాలని ఏ సెక్షన్‌లోనూ లేదట. తిప్పస్వామి అనే పాత కేసులో, తక్కువ శిక్ష ఆశ చూపి ఒప్పించి, పైకోర్టులో శిక్ష పెంచడం అన్యాయమని సుప్రీంకోర్టు చెప్పి, కేసును మళ్లీ విచారణకు పంపిందని కూడా చెప్పారు. అమెరికాలోనైతే ట్రయల్‌కు పోతే శిక్ష ఎక్కువ పడటానికి 'ట్రయల్ పెనాల్టీ' అని పేరే ఉంది, ఫెడరల్ కోర్టుల్లో శిక్షపడే కేసుల్లో వందకు తొంభైకి పైగా ఒప్పుకోళ్లే.

ఒప్పుకోవాలా వద్దా అన్నది మాత్రం తమ్ముడికే వదిలేశారు. ట్రయల్ కావాలన్నాడు, ఇంకా నడుస్తోంది, అందుకే ఏ కోర్టో రాయట్లేదు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, మేడం ఫోన్ ఎత్తరు, వాయిదా రోజు పొద్దున్నే వెళ్లి పట్టుకోవాలి. వెళ్లేవాళ్లు ఛార్జిషీట్ జిరాక్స్ ఊళ్లోనే తీయించుకోండి, కోర్టు గేటు ముందు పేజీకి మూడు రూపాయలు గుంజుతున్నారు.