ముసురు రోజున కిసో లోయ: మగోమె నుంచి త్సుమగొ దాకా ఒంటరి నడక

వాతావరణ సూచనలో గొడుగు బొమ్మ కనబడగానే కిసో లోయ ప్రయాణాన్ని రద్దు చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు అలా రద్దు చేసుకోకూడదనే ఇది రాస్తున్నాను. జూన్‌లో, పొద్దుటి నుంచీ ముసురు పట్టిన రోజున, మగోమె నుంచి త్సుమగొ దాకా ఒక్కణ్ణే నడిచాను. జపాన్‌లో మళ్లీ ఎక్కడికి వెళతావంటే ముందు ఈ లోయ పేరే చెబుతాను. కాకపోతే వాన ఈ రెండు ఊళ్లకూ ఒకేలా కలిసిరాదు. మగోమె అందం వానలో సగం పోతుంది. త్సుమగొ మాత్రం వానలోనే పూర్తిగా దక్కుతుంది. ఎక్కడ ఎంతసేపు గడపాలి, రాత్రి ఎక్కడ బస చెయ్యాలి అన్నవి ఈ తేడా చూసుకుని తేల్చుకోవాలి.

ఇప్పటి టోక్యోను పూర్వం ఎదో అనేవారు. అక్కడి నుంచి క్యోటోకి పూర్వం రెండు పెద్ద బాటలు ఉండేవి. సముద్రం పక్కన వెళ్లేది తొకైదో, కొండల్లోంచి వెళ్లేది నకసెందో. నకసెందో పొడవు సుమారు 530 కిలోమీటర్లు, దారిలో 69 మజిలీలు. వాటిలో త్సుమగొ 42వది, మగోమె 43వది. తొకైదో మీద ఓయి లాంటి పెద్ద నదులకు వంతెనలు ఉండేవి కావు. వరద వస్తే బాటసారులు ఒడ్డున రోజుల తరబడి పడిగాపులు కాసేవారు. కొండదారి ఎగుడుదిగుడే అయినా ఆ బెడద తక్కువ. రాజకుటుంబపు స్త్రీలు ఎక్కువగా ఇటే ప్రయాణం చేసేవారట. 1861లో షోగున్‌ని, అంటే దేశాన్ని ఏలే సైనిక పాలకుణ్ణి, పెళ్లాడడానికి క్యోటో నుంచి ఎదోకి బయలుదేరిన రాకుమారి కజునొమియా కూడా వేలమంది పరివారంతో ఈ లోయ గుండానే వెళ్లింది. వానలో నడుస్తుంటే ఈ చరిత్ర కాళ్లకు తగులుతూనే ఉంటుంది.

చేరుకోవడం కష్టం కాదు. నగోయాలో షినానో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు యాభై నిమిషాల్లో నకత్సుగవా వస్తుంది. స్టేషన్ బయట మగోమె బస్సు ఎక్కాలి, అది మరో అరగంటలోపు ప్రయాణం. విదేశీ పర్యాటకులు కొనుక్కునే జేఆర్ రైలు పాస్ ఉంటే రైలుకు పనికొస్తుంది గానీ బస్సుకు పనికిరాదు. నగదు నకత్సుగవాలోనే తీసి పెట్టుకోండి. పైకి వెళ్లాక చిన్న దుకాణాలూ బసలూ చాలావరకు నోట్లే అడుగుతాయి. పెద్ద సూట్‌కేసు ఉంటే దాన్ని ఈ లోయలోకి అసలు తేవద్దు. టోక్యో హోటల్లోనే తక్యూబిన్ అనే సామాను చేరవేసే సర్వీసుకు అప్పగిస్తే సాధారణంగా మర్నాటికి మీ తర్వాతి హోటల్‌కు చేరుతుంది. ఒక రాత్రికి సరిపడే బట్టలు వీపు సంచిలో పెట్టుకుంటే చాలు.

మగోమె ఊరంతా ఒకే వీధి. రాళ్లు పరిచిన ఆ వీధి కొండవాలు మీద నిటారుగా ఎక్కుతుంది. ఇరువైపులా చెక్క ఇళ్లు, నీళ్లు పారే కాలువలు, ఒక నీటిచక్రం కనిపిస్తాయి. 1895లో జరిగిన అగ్నిప్రమాదంలో ఊరు చాలావరకు కాలిపోయింది. ఇప్పుడు మనం చూసేది ఆ తర్వాత కట్టుకున్నది. వీధి పైకొనకు చేరితే ఎదురుగా ఎనా పర్వతం కనిపించాలి. మగోమెకి జనం వచ్చేది ముఖ్యంగా ఆ దృశ్యం కోసమే. ముసురులో కొండ లేదు, ఆకాశం లేదు, అంతా తెల్లటి గోడ. పైగా దుకాణాల ముందు నిలబడే చోటు తక్కువ, టూరు బస్సుల్లో దిగినవాళ్ల గొడుగులు ఒకదానికొకటి తగులుతుంటాయి. మగోమెకి గంట చాలు. ఆ గంటలో గొహెయ్ మోచి మాత్రం తినాల్సిందే. మెదిపిన అన్నాన్ని పుల్లకు అద్ది, అక్రోటు, నువ్వులు, సోయా కలిపిన ముద్ద పూసి నిప్పుల మీద కాలుస్తారు. వాన చలిలో ఆ వేడి, ఆ కమ్మదనం తిన్నవాళ్లకే తెలుస్తాయి. శాకాహారులకు ఈ లోయలో ఇది పెద్ద ఆసరా కూడా.

ఒంటరిగా నడిచేవాళ్లకు మగోమె సమాచార కేంద్రం రెండు మేళ్లు చేస్తుంది. సీజన్‌లో పొద్దున పదకొండున్నరలోపు సంచి అక్కడ ఇస్తే మధ్యాహ్నం త్సుమగొ కేంద్రంలో తీసుకోవచ్చు. శీతాకాలంలో ఈ సౌకర్యం ఉండదు. రెండోది ఎలుగుబంట్ల గంట, అద్దెకిస్తారు. ఎలుగులు తిరిగే అడవి కాబట్టి బాట పక్కన అక్కడక్కడా పెద్ద గంటలు కూడా కట్టి ఉంటాయి, వచ్చేపోయేవాళ్లు మోగిస్తూ వెళ్లాలి. ఎండరోజున దీన్ని సరదాగా తీసుకున్నా ఫర్వాలేదేమో. వానరోజున అలా కాదు. ఆకుల మీద పడే చినుకుల చప్పుడులో మన అడుగుల శబ్దం దానికి వినిపించదు, దాని అలికిడి మనకూ తెలియదు. అందుకే కనిపించిన ప్రతి గంటనూ గట్టిగా మోగించాను.

మగోమె నుంచి త్సుమగొకి ఎనిమిది కిలోమీటర్లు. మొదట 801 మీటర్ల ఎత్తున్న కనుమ దాకా ఎక్కుడు, అక్కడి నుంచి మిగతాదంతా దిగుడు. ఎక్కే ఎత్తు ఇటువైపు నుంచి తక్కువ కాబట్టి ఎక్కువమంది ఇలాగే నడుస్తారు. ఎండలో మూడు గంటల లోపు అయిపోయే దారికి వానలో నాలుగు గంటలు పెట్టుకోవడం మంచిది. పాత రాళ్లబాట మీద నాచు ఉంటుంది, దిగుడులో మడమ మోపితే జారుతుంది. అడుగు పట్టే అరికాళ్లున్న బూట్లు లేకపోతే ఆ రాళ్లున్నచోట పక్కనున్న మట్టి మీద నడవండి.

కనుమ దాటాక దారి హినోకి, సుగి చెట్ల మధ్యకు వెళుతుంది. హినోకి అంటే జపాన్‌లో గుళ్లకూ కోటలకూ వాడే కలప. కిసో హినోకి ఎంత విలువైనదంటే, షోగున్‌లు ఏలిన ఎదో కాలంలో ఈ అడవులు ఏలిన ఒవారి సంస్థానం హినోకితో కలిపి ఐదు జాతుల చెట్లను నరకకూడదని ఆంక్ష పెట్టింది. చెట్టు కొడితే తల పోతుందని జనం చెప్పుకునేవారు. దొంగ కలప పట్టుకోవడానికి పెట్టిన తనిఖీ చౌకీ జాడ ఇప్పటికీ ఈ దారి పక్కన ఉంది. తడిసిన హినోకి వాసన మామూలు రోజుల్లో ఇంత రాదు. వాన నీటికి బెరడు ఎర్రబారి, అడవి మొత్తం ఒక్క వాసనే వేస్తుంది. పొగమంచులో ముందున్న నాలుగు చెట్లు మాత్రమే కనిపిస్తుంటే, నెత్తిన టపటపమని చినుకులు పడుతుంటే, నాకు తోడెవరూ లేకపోవడమే బాగుందనిపించింది. ఎవరైనా ఉంటే మాట్లాడాల్సి వచ్చేది.

సగం దారిలో తతెబా చాయా అనే పాత విశ్రాంతి ఇల్లు వస్తుంది. ఊరివాళ్లు స్వచ్ఛందంగా నడిపే చోటు అది. నేలలో చదరంగా తవ్విన ఇరోరి పొయ్యిలో కట్టెలు మండుతుంటాయి, పైనుంచి వేలాడే కొక్కేనికి కెటిల్ ఉంటుంది. టీ ఉచితం, తోడు ఏ పచ్చడి ముక్కో చిన్న చాక్లెట్టో పెడతారు. పెట్టెలో మనకు తోచినంత వేయొచ్చు, తప్పకుండా వేయండి. ఏ దేశం అని అడిగిన పెద్దాయన నా తడి రుమాలును ఏమీ అనకుండా తీసుకుని నిప్పు పక్కన ఆరేశాడు. ఆ రోజు డబ్బుపోసి కొనుక్కున్న సేవల్లో ఏదీ దీనికి సాటిరాదు. చాయా మూసేలోపు చేరాలంటే మగోమెలో మధ్యాహ్నానికి ముందే బయలుదేరాలి. ఇంకాస్త దిగితే రెండు జలపాతాలు వస్తాయి, ఒదాకి, మెదాకి. వేసవి ఎండలో వీటి గురించి పెద్దగా చెప్పుకోరు గానీ వానల్లో నిండుగా దూకుతుంటాయి.

తల మీదికి ఒక మాట. గొడుగు, పోంచో రెండూ పనికొస్తాయి. కానీ ఈ ప్రాంతంలోనే, నగిసో పట్టణ పరిధిలోని అరరగి పల్లెల్లో, హినోకి చెక్కను పలుచని పేళ్లుగా చీల్చి అల్లే టోపీలు దొరుకుతాయి. తేలిగ్గా ఉంటాయి, గాలి ఆడుతుంది, తడిస్తే పేళ్లు ఉబ్బి అల్లిక బిగుసుకుంటుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండడం జారుడు దారిలో ఎంత మేలో చెప్పనక్కర్లేదు. జ్ఞాపికగా ఏదైనా కొనాలనుకుంటే కీచైన్లు వదిలేసి ఇది కొనండి.

త్సుమగొ మొదటి ఇళ్లు కనిపించేసరికి మధ్యాహ్నం బాగా వాలింది. ఊళ్లో కరెంటు తీగ ఒక్కటీ కనిపించదు, పగటిపూట వీధిలోకి కార్లను రానివ్వరు. చూరుల నుంచి కారే నీళ్లు, నల్లబడ్డ చెక్క, వంగిన వీధి, అంతే. 1911లో చువో రైలుమార్గం పూర్తయ్యాక బాటసారులు లేక ఈ ఊరు వాడిపోయింది. 1960ల చివర్లో ఊరివాళ్లే పూనుకుని పాత ఇళ్లను నిలబెట్టుకోవడం మొదలుపెట్టారు. అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు అని 1971లో కట్టుబాటు రాసుకున్నారు. 1976లో జపాన్ ప్రభుత్వం సంప్రదాయ కట్టడాల పరిరక్షణ ప్రాంతాలుగా మొట్టమొదట గుర్తించినవాటిలో త్సుమగొ ఒకటి. బాగుచేసిన పాతఊళ్లు చాలాచోట్ల నాటకపు సెట్టింగుల్లా ఉంటాయి. ఇక్కడ కిటికీ వెనక టీవీ చూస్తున్న ముసలమ్మ ఉంది, వసారాలో పిల్లల గొడుగులున్నాయి.

వానలో ఒక్కటే చూడాలంటే ఒకుయా చూడండి. ఉన్నతాధికారుల కోసం ఉండే ప్రధాన విడిదికి తోడుగా నడిచిన రెండో విడిది ఇది, సాకె అనే బియ్యపు మద్యం తయారుచేసే సంపన్న కుటుంబానిది. హినోకి వాడకం మీద ఆంక్షలు పోయాక 1877లో ఈ ఇంటిని ఆ కలపతోనే తిరిగి కట్టారు. అన్నేళ్లు ముట్టుకోనివ్వని చెట్టుతో ఏకంగా ఇల్లే కట్టుకున్నారన్నమాట. పొగగొట్టం లేదు. ఇరోరి పొగ దూలాలను చుట్టి పైకప్పు సందుల్లోంచి పోతుంది, అదే పురుగు పట్టకుండా కలపను కాపాడుతుంది. పొయ్యి చుట్టూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా నియమం ఉండేది, ఇంటి పెద్దదే మంచి చోటు. 1880లో మెయిజీ చక్రవర్తి ఈ లోయలో పర్యటించినప్పుడు ఇక్కడ కాసేపు ఆగాడు, ఆయన కోసం చేసిన బల్ల ఇంకా ఉంది. చెక్క ఊచల కిటికీలోంచి ఎండ పొగ మీద చారలుగా పడే ఫొటోలు ఈ ఇంటికి పేరు తెచ్చాయి. వానరోజున ఆ చారలు ఉండవు. బదులుగా జనం ఉండరు. పొయ్యి దగ్గర వివరించే ఆవిడ అరగంట నా ఒక్కడితోనే మాట్లాడింది.

బస దగ్గరికి వస్తే, ఒక్క రాత్రే ఉంటే అది త్సుమగొలోనే ఉండాలి. సాయంత్రం దుకాణాలు మూతపడి, పగటి సందర్శకులు వెళ్లిపోయాక వీధి మనకే మిగులుతుంది. నగోయా నుంచి పొద్దున వచ్చి రాత్రికి తిరిగిపోయేవాళ్లకు ఈ లోయ సగమే తెలుస్తుంది. మిన్షుకు అంటే కుటుంబాలు నడిపే బస. తతామి (గడ్డి చాపలు) పరిచిన గది, నేలపరుపు, అందరికీ ఒకే స్నానాల గది, రెండు పూటల భోజనం. ఒంటరివాళ్లను తీసుకోని బసలు కొన్ని ఉన్నాయి, మనిషికి రేటు ఎక్కువ వేసేవి ఇంకొన్ని. ఒక బుకింగ్ సైటులో ఒకరికి అని పెట్టగానే గదులే లేవని చూపించింది. ఊరి పర్యాటక కేంద్రానికి నేరుగా రాస్తే చోటు దొరికింది. భోజనాలతో కలిపి ఖర్చు మామూలు పట్టణ హోటల్ కంటే ఎక్కువే. నా లెక్కలో అది న్యాయమైన ధరే. తలుపు తీయగానే ఇంటావిడ నా బూట్లు తీసుకుని లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కింది, పొద్దుటికి పొడిగా ఉన్నాయి. హినోకి తొట్టిలో వేడినీళ్ల స్నానం రోజంతటి తడికీ విరుగుడు.

తిండి విషయం ముందే తేల్చుకోవాలి. సాయంత్రం ఆరుకల్లా వడ్డిస్తారు, ఆలస్యంగా చేరితే వాళ్లకు ఇబ్బంది. పళ్లెంలో ఉప్పు పట్టించి కాల్చిన ఏటి చేప, కొండ ఆకుకూరలు, పుట్టగొడుగులు, సోబా (బక్‌వీట్ పిండి నూడుల్స్) ఉంటాయి. గుర్రపు మాంసం, మిడతల వేపుడు కూడా ఈ ప్రాంతపు వంటలే. మాంసం తినను అంటే సరిపోదు, సోబా పులుసులోనూ మిసో సూపులోనూ దాషి, అంటే ఎండుచేపతో కాచిన రసం, ఉంటుంది. పూర్తి శాకాహారులు బుక్ చేసేటప్పుడే చేప పులుసు కూడా వద్దని జపనీస్‌లో రాయించి పంపాలి, అక్కడికక్కడ అడిగితే మార్చలేరు. నా సంచిలో కందిపొడి ఉంది. ఆ వేడి జపాన్ అన్నంలో అది అద్భుతంగా కలుస్తుంది.

ముసురుకూ కుంభవృష్టికీ తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. 2014 జూలైలో ఇదే నగిసోలో కొండ వాగు బురదతో విరుచుకుపడి ఒకరు చనిపోయారు, రైలు వంతెన కొట్టుకుపోయింది. భారీవర్ష హెచ్చరిక ఉంటే నడవకండి, బస నుంచి కదలకండి. చువో రైళ్లు కూడా ఆగిపోతాయి. సేఫ్టీ టిప్స్ అనే యాప్ ఇంగ్లిష్‌లో ఈ హెచ్చరికలు ఇస్తుంది. నడవలేని రోజున బస్సుల్లో వెళ్లొచ్చు గానీ రోజుకు కొన్నే ఉంటాయి, వేళలు ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

త్సుమగొ నుంచి నగిసో స్టేషన్‌కి బస్సులో పది నిమిషాలు, నడిస్తే గంట. ఇక్కడ రైళ్లు అరుదు, గంటకు పైగా ఖాళీ దొరకొచ్చు. ఆ సమయాన్ని స్టేషన్‌లో పోగొట్టుకోకుండా దగ్గర్లోని మొమొసుకె వంతెన దాకా వెళ్లండి. 1922లో జలవిద్యుత్ కేంద్రం కట్టడానికి వేసిన వేలాడే వంతెన, 247 మీటర్లు, పైన చెక్క నడవ. దీన్ని కట్టించిన ఫుకుజవా మొమొసుకె, 2024 దాకా పదివేల యెన్ నోటు మీద బొమ్మ ఉన్న ఫుకుజవా యుకిచికి అల్లుడు. వానల తర్వాత కిసో నది దాని కింద ఉరకలేస్తుంది. చెక్కలు తడిగా ఉంటాయి, మధ్యదాకా వెళ్లి రండి, అక్కడి నుంచి స్టేషన్‌కి పది నిమిషాలే.