గుండె నరాల సంగతి: వాచీ నమ్మాలా, ఊపిరి పరీక్ష చేయించాలా?

బత్తాయి చెట్టు పాదు దగ్గర కూర్చుని లేస్తే చాలు, బాపుకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. షుగర్ వచ్చి పదహారేళ్లు. ఊరికే కూర్చున్నా నాడి నిమిషానికి 100 దాటుతోంది. హైదరాబాద్ నుంచి తమ్ముడు స్మార్ట్‌వాచీ పంపాడు, హెచ్‌ఆర్‌వీ (గుండె దెబ్బల మధ్య ఎడం ఎంత మారుతోందో చెప్పే అంకె) చూస్తే నరాల సంగతి తెలిసిపోతుందని. నల్లగొండలో చూసిన డాక్టర్ మాత్రం ఈసీజీ తగిలించి, అయిదు సెకన్లు పీల్చు, అయిదు సెకన్లు వదులు అన్నాడు. నిమిషానికి ఆరు శ్వాసలు.

గుండెకు బ్రేకు లాంటిది వేగస్ నరం. గుండె నరాల్లో షుగర్ ముందుగా దెబ్బతీసేది దాన్నే. నరం బాగుంటే పీల్చినప్పుడు నాడి పెరిగి, వదిలినప్పుడు తగ్గుతుంది. ఆ తేడా 15, ఆపైన ఉంటే ఫరవాలేదు. 10, అంతకన్నా తక్కువైతే నరం దెబ్బతిన్నట్టే. బాపుకు వచ్చింది 6. కాగితం మీద గీతలు కొలిచి నాటిన బత్తాయి చెట్లలా ఒకే దూరంలో ఉన్నాయి.

"సమానంగ ఉంటే మంచిదే కదా?" అన్నాడు బాపు. కాదట.

తర్వాత పడుకోబెట్టి బీపీ చూస్తే 146, నిలబెట్టి చూస్తే 114. మూడు నిమిషాల్లోపు పై అంకె 20 తగ్గినా లెక్కలోకి వస్తుంది. కళ్లు తిరగడానికి కారణం అక్కడే దొరికింది, బీపీ మాత్రలు మారాయి. గొట్టంలోకి 15 సెకన్లు ఊదే పరీక్ష కూడా ఉంది. బాపుకు షుగర్ వల్ల కంట్లో రక్తనాళాలు పాడయ్యాయి కాబట్టి వద్దన్నారు.

వాచీ మణికట్టు దగ్గర వెలుతురుతో నాడి చూసి, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం లెక్కగడుతుంది. చెయ్యి కదిలితే లెక్క తప్పుతుంది. గుండె లయ తప్పి కొట్టుకుంటే హెచ్‌ఆర్‌వీ అంకె పెరుగుతుంది, చూసినవాళ్లేమో బాగుందనుకుంటారు! ఒకే మనిషికి నెలల తరబడి రాత్రిపూట పోల్చుకోవడానికైతే సరే. 24 గంటల హోల్టర్, అంటే ఒంటికి తగిలించుకుని తిరిగే ఈసీజీ, అంతకన్నా నయం, లయ తేడాలు కూడా దొరుకుతాయి. కానీ నిలబడితే బీపీ ఎంత పడిందో అదీ చెప్పదు.

షుగర్ ఉండి, లేవగానే కళ్లు తిరిగేవాళ్లకు నా ఓటు ఊపిరి, బీపీ పరీక్షలకే. వేసుకునే మాత్రలన్నీ ముందే డాక్టర్‌కు చూపించండి. కొన్ని నాడిని తగ్గిస్తాయి, అలాగని సొంతంగా ఆపొద్దు. పరీక్ష రోజు పొద్దున చాయ్, బీడీ బంద్. మాకు అన్నిటికన్నా కష్టమైంది అదే.