వీఎంలలో టైమ్ నిలబెట్టడానికి క్రోనీ: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఆఫీసులో మా సర్వర్లన్నీ ప్రాక్స్‌మాక్స్ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ మీద నడిచే కేవీఎం గెస్టులే, అంటే ఒక అసలు మెషీన్ (హోస్ట్) లోపల నడిచే వర్చువల్ మెషీన్లు (వీఎంలు). లైనక్స్ ఎక్కువ, కొన్ని విండోస్. లైనక్స్ వాటన్నిటిలో టైమ్ చూసుకునేది క్రోనీ, సరైన టైమ్ తెచ్చుకుని గడియారాన్ని సర్దే ప్రోగ్రామ్. చాలా ఏళ్లుగా వాడుతున్నాను కాబట్టి నా మాట ముందే చెప్పేస్తా: వర్చువల్ మెషీన్ లోపల గడియారం నమ్మకంగా ఉండాలంటే నేను వాడినవాటిలో ఇదే మంచిది, కానీ డిస్ట్రోతో (మనం వేసుకున్న లైనక్స్ రకంతో) వచ్చిన కాన్ఫిగ్‌ని అలాగే వదిలేస్తే సగం పనే చేస్తుంది.

మామూలు మెషీన్లో గడియారం తప్పేది దాన్ని నడిపే క్రిస్టల్ వల్ల, అదీ నెమ్మదిగా. 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతుల) తేడా ఉందంటే రోజుకు 1.7 సెకన్లు, దాన్ని ఏ ఎన్‌టీపీ (నెట్‌వర్క్ మీద టైమ్ సరిచూసుకునే పద్ధతి) ప్రోగ్రామైనా సర్దేస్తుంది. వీఎం అలా కాదు. దాన్ని పాజ్ చేస్తాం, మెమరీతో సహా తీసిన స్నాప్‌షాట్‌కి (ఒక క్షణంలో తీసిపెట్టుకున్న నకలుకి) వెనక్కి వెళ్తాం, నడుస్తుండగానే ఒక హోస్ట్ నుంచి ఇంకో హోస్ట్‌కి మారుస్తాం. ఇవేవీ లోపల ఉన్న కెర్నల్‌కి (ఓఎస్ గుండెకాయకి) తెలియవు. మూడు గంటలు పాజ్‌లో ఉన్న గెస్ట్ లేచాక కూడా తను ఆగిన నిమిషంలోనే ఉన్నాననుకుంటుంది. అక్కడి నుంచి వరసగా తలనొప్పులు: కెర్బరోస్ (లాగిన్లు సరిచూసే పద్ధతి) మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది కాబట్టి లాగిన్లు పోతాయి, ఓటీపీ యాప్ కోడ్ 30 సెకన్లకొకసారి మారుతుంది కాబట్టి అదీ కుదరదు, కొత్తగా తీసుకున్న సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదని టీఎల్ఎస్ (కనెక్షన్‌కి భద్రత ఇచ్చే పద్ధతి) గొడవపెడుతుంది.

పాత ఎన్‌టీపీ ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీతో ఇక్కడే చాలా విసిగాను. నడుస్తుండగా తేడా 1000 సెకన్లు దాటితే అది సర్దడం మానేసి ఏకంగా ఆగిపోతుంది. మెల్లగా సర్దే పద్ధతిలో కూడా దాని వేగం 500 పీపీఎం దాటదు, అంటే ఒక్క సెకను తేడా పోవడానికి అరగంట పైనే. క్రోనీకి ఆ కట్టుబాటు లేదు, చాలా వేగంగా సర్దగలదు, వీఎంలో గడియారం వేగం ఉన్నట్టుండి మారినా తొందరగా పట్టుకుంటుంది. రెడ్ హ్యాట్ లైనక్స్ (ఆర్‌హెచ్ఈఎల్) 7 నుంచి దాన్నే డిఫాల్ట్ చేశారు, 8లో ఎన్‌టీపీడీని పూర్తిగా తీసేశారు. సరైన నిర్ణయమనే అంటాను.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. చాలా డిస్ట్రోలలో ‘మేక్‌స్టెప్ 1.0 3’ అనే లైన్ ఉంటుంది. సర్వీసు మొదలయ్యాక మొదటి మూడు అప్‌డేట్లలో మాత్రమే, తేడా సెకను దాటితే గడియారాన్ని ఒక్కసారిగా జరపమని దానర్థం. నెలల తరబడి నడుస్తున్న గెస్ట్‌ని పాజ్ చేసి లేపితే ఆ మూడు ఎప్పుడో అయిపోయి ఉంటాయి, ఇక గంటల తేడాని కూడా మెల్లగా లాక్కుంటూ వస్తుంది, ఈలోపు లాగుల్లో పడే టైమ్ అంతా తప్పే. నేను ప్రతి గెస్ట్‌లో మూడు బదులు -1 పెడతాను, అంటే ఎప్పుడైనా జరపొచ్చని. డేటాబేస్ ఉంటే గడియారం దూకడం ప్రమాదం కదా అని అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. కానీ పాజ్ తర్వాత గెస్ట్ ఎప్పుడూ వెనకే ఉంటుంది, కాబట్టి దూకేది ముందుకే. వెనక్కి దూకితే వచ్చే ముప్పు ఇందులో రాదు. నాకైతే ఒక దూకుడు మేలు, గంటల తరబడి తప్పు టైమ్ కంటే.

రెండో మార్పు పీటీపీ_కేవీఎం అనే కెర్నల్ మాడ్యూల్. కెర్నల్ 4.11తో 2017లో వచ్చింది. అది లోడ్ చేస్తే గెస్ట్‌లో ఒక పీటీపీ డివైజ్ (కచ్చితమైన టైమ్ ఇచ్చే గడియారం) కనిపిస్తుంది, క్రోనీకి దాన్ని రిఫ్‌క్లాక్‌గా (ఆధారంగా తీసుకునే గడియారంగా) ఇస్తే నెట్‌వర్క్ ఊసే లేకుండా హోస్ట్ టైమ్‌ని నేరుగా అడిగి తెచ్చుకుంటుంది. ఇంటర్నెట్ ఎన్‌టీపీతో తేడా మిల్లీసెకన్లలో ఉంటే దీనితో మైక్రోసెకన్లలోకి వస్తుంది. ‘క్రోనీసీ ట్రాకింగ్’ అనే కమాండ్ కొట్టి ఆ అంకెలు చూస్తే నాకు ఇప్పటికీ ఆనందమే. ఎక్స్86లో (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో) ఇది పనిచేయాలంటే హోస్ట్ క్లాక్‌సోర్స్ (కెర్నల్ టైమ్ లెక్కపెట్టుకునే కౌంటర్) ప్రాసెసర్‌లోని టీఎస్‌సీ అయి ఉండాలి, ఏదో కారణంతో హెచ్‌పెట్ అనే వేరే టైమర్‌కి పడిపోతే గెస్టులన్నిటికీ ఈ దారి మూసుకుపోతుంది. నెట్‌వర్క్ కార్డుని పాస్‌త్రూ చేసిన (నేరుగా అప్పగించిన) గెస్ట్‌లో దానికీ సొంత పీటీపీ గడియారం ఉండొచ్చు, అప్పుడు పీటీపీ0 ఏది పీటీపీ1 ఏది అని తప్పక చూసుకోండి.

ఇక హోస్ట్ తప్పితే అందరూ కలిసి తప్పుతారు. అందుకే గెస్టుల్లో నెట్‌వర్క్ సర్వర్లను కూడా ఉంచాను, హోస్టుల మీద ఇంకా జాగ్రత్త. ఎలాగూ వాటి మీదే నడిచే సెఫ్ (స్టోరేజ్ వ్యవస్థ) మానిటర్లు 0.05 సెకన్ల తేడాకే వార్నింగ్ ఇస్తాయి. మన దేశంలో సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) టైమ్ సర్వర్లతోగానీ, వాటికి ముడిపడిన సర్వర్లతోగానీ సింక్ చేయాలి. మేం హోస్టులకి ఆ రెంటినే పెట్టాం, లోపలి గెస్టులు హోస్టుల నుంచి తీసుకుంటాయి. క్లౌడ్‌లో ఉన్నవాళ్లకి ఒక మాట: లీప్ సెకనుని (భూమి తిరిగే వేగంతో సరిపోవడానికి అప్పుడప్పుడు కలిపే అదనపు సెకనుని) రోజంతా పరిచి కలిపే సర్వర్లనీ, మామూలు సర్వర్లనీ ఒకే కాన్ఫిగ్‌లో కలపొద్దు. చివరి లీప్ సెకను 2016 డిసెంబరు 31న వచ్చింది కదా, ఇప్పుడెందుకులే అని వదిలేయకండి.

ఒకే గెస్ట్‌లో గడియారాన్ని ఇద్దరు సర్దడం అన్నిటికంటే పెద్ద సమస్య. బయటి వెండర్ ఒకరు ఇచ్చిన రెడీమేడ్ అప్లయన్స్‌లో హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) టూల్స్ సింకూ, క్రోనీ రెండూ ఆన్ చేసి ఉన్నాయి, ఒకటి ముందుకి లాగితే ఇంకొకటి వెనక్కి, గ్రాఫ్ రంపం పళ్లలా ఉండేది. టూల్స్ సింక్ ఆపాక ఆ రోజే కుదురుకుంది.

విండోస్ గెస్టులకి క్రోనీ లేదు, వాటి సొంత టైమ్ సర్వీసే. వాటిలో గడియారం సరిగ్గా 5:30 గంటలు వెనక చూపిస్తే ఎన్‌టీపీని అనుమానించకండి, ఆర్‌టీసీ (వీఎంకి కనిపించే హార్డ్‌వేర్ గడియారం) మన టైమ్‌లో కాక యూటీసీలో (అంతర్జాతీయ టైమ్‌లో) ఉందన్నమాట. ప్రాక్స్‌మాక్స్‌లో ఓఎస్ టైప్ విండోస్ అని పెట్టారో లేదో చూడండి. ఎల్ఎక్స్‌సీ కంటైనర్లలో (హోస్ట్ కెర్నల్‌నే పంచుకుని నడిచేవాటిలో) క్రోనీ అసలు వేయకండి, వాటికి హోస్ట్ గడియారమే దిక్కు. టెస్టింగ్ కోసం పెట్టుకున్న చిన్న వీఎంకి సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ అనే తేలికపాటి ప్రోగ్రామ్ చాలు, ఇంత కష్టం అక్కర్లేదు.