పెడన కలంకారీ దుప్పటి, దాంతో పాటు ఇచ్చిన చరిత్ర కాగితం

మచిలీపట్నం పక్కన పెడనలో ఒక కలంకారీ కార్ఖానాలో డబుల్ కాట్ దుప్పటి కొన్నాను, సహజ రంగులది. బట్టకి ఐదుకి ఐదు స్టార్లు ఇస్తాను. ప్యాకెట్‌లో పెట్టిచ్చిన చరిత్ర కాగితానికి మాత్రం ఒక్కటి కూడా ఇవ్వలేను.

ముందు బట్ట గురించి. వెనక్కి తిప్పి చూస్తే రంగు ఇటువైపు దాకా దిగి ఉంది, స్క్రీన్ ప్రింట్ అయితే సాధారణంగా పైపైనే ఉంటుంది. కరక్కాయ, పాలల్లో ముంచి తీసిన బట్ట కాబట్టి కొత్తలో కొంచెం వాసన వస్తుంది, రెండు ఉతుకులకి పోయింది. వాళ్ళు షెడ్డులోకి తీసుకెళ్ళి పని చూపించారు, అది చాలా నచ్చింది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్ళతో నల్ల అచ్చు, ఆ తర్వాత పటికతో ఇంకో అచ్చు. "ఎరుపు ఏది బాబాయ్?" అని అడిగితే "ఇప్పుడు కనపడదమ్మా, ఉడకబెట్టాక పటిక ఉన్న చోటే పట్టుకుంటది" అన్నాడు అచ్చు వేసే ఆయన. రాగి పాత్రలో ఆకూ వేరూ వేసి మరిగిస్తుంటే నిజంగానే పువ్వుల దగ్గర మాత్రమే ఎరుపు తేలింది, ఎంత కెమిస్ట్రీ తెలిస్తే ఈ పని అవుతుందో చూడండి, ఏ కాలేజీలోనూ చదవకుండా తరాల నుంచి చేతులు మారి వచ్చిన చదువు ఇది.

ఇక కాగితం. "డచ్, ఇంగ్లీషు కంపెనీల ఆదరణతో ఎదిగిన కళ" అని రాశారు. చదివి చాలా బాధేసింది. డచ్ వాళ్ళు బందరు వచ్చింది 1605లో, ఇంగ్లీషు వాళ్ళు 1611లో, అప్పటికే మన తీరం బట్ట ఇరాన్‌కీ, తూర్పు దీవులకీ వెళ్తోంది, వాళ్ళు ఇక్కడికి వచ్చిందే ఈ బట్ట కోసం, దీన్ని పట్టుకెళ్ళి దీవుల్లో ఇచ్చి మిరియాలు, లవంగాలు కొనుక్కోవడానికి. మరి ఆదరణ ఎక్కడ? యూరప్‌లో జనం ఈ బట్ట ఎగబడి కొంటుంటే వాళ్ళ నేతగాళ్ళు గొడవ చేశారని 1686లో ఫ్రాన్స్ నిషేధం పెట్టింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం తెచ్చి ఈ రకం బట్ట కట్టుకోవడాన్ని కూడా నేరంగా మార్చింది. ఆ నిషేధాలు నడుస్తుండగానే పని రహస్యాలు రాసి పంపించుకున్నారు. కూర్డూ అనే ఫ్రెంచి జెస్యూట్ ఫాదరీ కొత్తగా క్రైస్తవంలోకి వచ్చిన మన తీరపు అద్దకం వాళ్ళని అడిగి అడిగి, కరక్కాయ దగ్గర నుంచి ఆఖరి ఉతుకు దాకా మొత్తం 1742లో ఉత్తరంగా రాసి యూరప్‌కి పంపాడు. ఆ ఉత్తరంలో ఆయన పేరుంది, చెప్పినవాళ్ళ పేర్లు లేవు. తర్వాత అక్కడ ఫ్యాక్టరీలు లేచాయి, మిల్లు బట్ట చివరికి మన బజారుకే వచ్చి పడింది. దీన్ని ఆదరణ అంటే ఎలాగండి?

విదేశీ మ్యూజియంల్లో మన తీరం బట్ట పక్కన చీటీ మీద "కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం" లాంటి మాటలే ఉంటాయి, వేసినవాడి పేరు ఉండదు, అప్పట్లో ఎవరూ రాసి పెట్టలేదు కాబట్టి ఇప్పుడు దొరకదు కూడా. ఇప్పటివాళ్ళు కళ్ళెదుటే ఉన్నారు కదా. నా దుప్పటికి అచ్చు వేసిన వాళ్ళ పేరు, టేకు చెక్క మీద ఆ అచ్చు చెక్కిన వాళ్ళ పేరు ట్యాగ్ మీద వేయడానికి ఎంత ఖర్చవుతుంది? ఓనర్ గారితో ఇదే అన్నాను, ఆయన శ్రద్ధగానే విన్నారు, ఈసారి కాగితం ప్రింట్ చేయించేటప్పుడు మారుస్తామన్నారు. మార్చాలని గట్టిగా కోరుకుంటున్నా, ఎందుకంటే ఊరికి వచ్చే స్కూలు పిల్లలు కూడా ఆ కాగితమే చదివి వెళ్తున్నారు.

రేటు రెండు వేల పైచిలుకు పడింది, ఇన్ని చేతులు పడ్డ పనికి ఎక్కువేం కాదు, బేరం ఆడకండి. మొదటి రెండు మూడు సార్లు విడిగా ఉతకండి, నీడలో ఆరేయండి. వెళ్ళేవాళ్ళు ఎండ ఉన్న రోజు పొద్దున్నే వెళ్తే కాలవలో బట్ట జాడించడం, గట్టు మీద ఆరేయడం కూడా చూడొచ్చు, వానాకాలంలో ఆ పని సరిగ్గా సాగదు.